ఒక క్లయింట్‌లో డాక్యుమెంట్ టైప్ కనిపిస్తోంది, నంబర్ రేంజ్ మాత్రం రాలేదు

శాప్ ఈసీసీ 6.0 (కంపెనీల అకౌంటింగ్ వగైరా నడిపే సాఫ్ట్‌వేర్), డెవలప్‌మెంట్ సిస్టమ్. ఇందులో క్లయింట్ 100 కాన్ఫిగరేషన్‌కి, క్లయింట్ 120 టెస్ట్‌కి (క్లయింట్ అంటే ఒకే సిస్టమ్‌లో సొంత డేటా ఉండే విడి భాగం). కాన్ఫిగరేషన్ 100లోనే చేసి, 120లో డేటా పెట్టి పరీక్షించాలన్నది మా పద్ధతి.

ఓబీఏ7లో (డాక్యుమెంట్ టైప్‌లు పెట్టే స్క్రీన్) కొత్త డాక్యుమెంట్ టైప్ జడ్1 చేసి, నంబర్ రేంజ్ 45 (డాక్యుమెంట్లకు వరుస నంబర్లు ఇచ్చే ఇంటర్వెల్) ఇచ్చాను. 100లో ఎఫ్‌బీ50తో (జనరల్ లెడ్జర్ ఎంట్రీ వేసే స్క్రీన్) డాక్యుమెంట్ పోస్ట్ అవుతోంది. ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్ (మార్పులను వేరే చోటికి పంపడానికి నమోదు చేసే మూట) ఇంకా రిలీజ్ చేయలేదు కాబట్టి 120లో ఎస్‌సీసీ1 (రిక్వెస్ట్‌లోని మార్పులను వేరే క్లయింట్ నుంచి కాపీ చేసే స్క్రీన్) తెరిచి, సబ్‌టాస్క్‌లు కూడా టిక్ పెట్టి కాపీ చేశాను. లాగ్‌లో ఎర్రర్ లేదు. 120లో జడ్1 కనిపిస్తోంది, కానీ పోస్ట్ చేస్తే ఆర్‌ఎఫ్_బెలెగ్‌కి (అకౌంటింగ్ డాక్యుమెంట్ల నంబర్ రేంజ్ ఆబ్జెక్ట్) ఇంటర్వెల్ 45 లేదంటోంది. ఎఫ్‌బీఎన్1లో (ఈ ఇంటర్వెల్స్ పెట్టే స్క్రీన్) చూస్తే నిజంగానే లేదు.

లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాను, ఎస్‌సీసీ1 మళ్లీ నడిపాను, ఫలితం లేదు. ఎస్‌ఈ01లో (రిక్వెస్ట్‌లు చూసే స్క్రీన్) రిక్వెస్ట్ విప్పితే జడ్1 ఎంట్రీ ఉంది, ఇంటర్వెల్ ఊసే లేదు. (ప్రోగ్రామ్ మారిస్తే అన్ని క్లయింట్లలో వెంటనే కనిపిస్తుంది, ఇది కనిపించదు, ఆ తేడా వరకు అర్థమైంది.)

ఎఫ్‌బీఎన్1 మెనూలో ఇంటర్వెల్స్ ట్రాన్స్‌పోర్ట్ చేసే ఆప్షన్ ఉంది. కానీ అది అవతలి క్లయింట్‌లో ఉన్న ఇంటర్వెల్స్‌ని తీసేసి, ఇక్కడి కరెంట్ నంబర్‌తో సహా పెడుతుందని హెచ్చరిస్తోంది. 120లో ఇప్పటికే టెస్ట్ డాక్యుమెంట్లు ఉన్నాయి, రేపు ప్రొడక్షన్‌లో అయితే ఇంకా టెన్షన్.

ఇంటర్వెల్‌ని ప్రతి క్లయింట్‌లో ఎఫ్‌బీఎన్1లో చేత్తోనే పెట్టాలా, లేక పాత నంబర్లు చెడకుండా ట్రాన్స్‌పోర్ట్ చేసే దారి ఉందా?