సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి, బండి కదిలితే చల్లగా: కంప్రెసర్ మార్చాల్సిందేనా?

బెజవాడ బండి:
అందరికీ నమస్కారం. 2017 పెట్రోల్ సెడాన్, ఆటో క్లైమేట్ కంట్రోల్. హైవే మీద ఏసీ బ్రహ్మాండంగా ఉంటుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రెండు మూడు నిమిషాలు ఆగితే చాలు, గాలి గోరువెచ్చగా అయిపోతుంది. స్క్రీన్ మీద మాత్రం 22 అలాగే కనిపిస్తుంది. పోయిన నెల గ్యాస్ టాప్‌అప్ చేయించినా తేడా లేదు. ఇప్పుడేమో కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) వీక్ అయింది, మార్చాలంటున్నారు. డబ్బు పెట్టేముందు ఏమేం చూసుకోవాలి?

గేజీ మాస్టర్:
కంప్రెసర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆగితే వేడి, కదిలితే చల్లదనం అంటే మొదటి అనుమానం కండెన్సర్‌కి (రేడియేటర్ ముందుండే, గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) గాలి అందట్లేదనే. బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలే దాన్ని చల్లారుస్తుంది, ఆగాక ఆ పనంతా ఫ్యాన్‌దే. అయితే వీక్ కంప్రెసర్ కూడా ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు) ఇలాగే ఏడిపిస్తుంది. ఏది ఏదో తేలాలంటే ఏసీ లైనుకి ప్రెషర్ గేజీలు పెట్టాల్సిందే.

స్క్రీన్ మీది 22 మీరు అడిగిన టెంపరేచర్, లోపల నిజంగా ఉన్నది కాదు. అందుకే టెస్ట్‌కి ఆటో తీసేసి టెంపరేచర్ పూర్తిగా తగ్గించండి, బ్లోయర్ ఫుల్, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే మోడ్) ఆన్, కిటికీలు తెరిచి ఉంచండి. ఆటోలో వదిలేస్తే వేడి, చల్లగాలి కలిపే ఫ్లాపూ బ్లోయరూ తమ ఇష్టం వచ్చినట్టు మారుతుంటాయి, రీడింగ్ ఒకచోట నిలవదు.

ఆర్-134ఏ గ్యాస్‌కి, బయట 35 డిగ్రీలున్నప్పుడు, సుమారుగా లో సైడ్ (కంప్రెసర్‌లోకి వచ్చే లైను) 30 నుంచి 45 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), హై సైడ్ (కంప్రెసర్ నుంచి బయటికెళ్లే లైను) 200 నుంచి 260 ఉండాలి. ఐడిల్‌లో చూడండి, 1500 ఆర్‌పీఎం‌లోనూ చూడండి. రెండూ తక్కువుంటే గ్యాస్ తక్కువ. లో ఎక్కువ, హై తక్కువ ఉంటేనే కంప్రెసర్‌ని అనుమానించాలి. రెండూ ఎక్కువుంటే కండెన్సర్‌కి గాలి లేదు, లేదా గ్యాస్ ఎక్కువ పోశారు. లో సైడ్ వాక్యూమ్‌లోకి (సున్నా కిందికి) జారుతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (లోపలి కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ వదిలే సన్నటి దారి) మూసుకుపోయింది.

ఇంజన్ ఆపి ఉన్నప్పటి ప్రెషర్ చూసి "గ్యాస్ ఫుల్లుగా ఉంది" అని చెప్పేవాళ్లను నమ్మొద్దు. 35 డిగ్రీల్లో అది దాదాపు 114 పీఎస్ఐ ఉంటుంది, లోపల 200 గ్రాములున్నా 500 గ్రాములున్నా అంతే.

హీటర్ పైపు:
వేడి, చల్లగాలి కలిపే ఆ బ్లెండ్ ఫ్లాప్ సరిగ్గా మూసుకోకపోయినా గోరువెచ్చటి గాలే వస్తుంది కదా?

గేజీ మాస్టర్:
వస్తుంది. కానీ హీటర్ కోర్ (ఇంజన్ వేడి నీళ్లు పారే చిన్న రేడియేటర్) వేడి హైవే మీద కూడా ఉంటుంది, అప్పుడూ ఇలాగే రావాలి. ఇక్కడ అలా లేదు.

బెజవాడ బండి:
గేజీలు పెట్టించాను. బయట 36 డిగ్రీలు. ఐడిల్‌లో లో 60, హై 345. కండెన్సర్ మీద నీళ్లు చల్లితే హై 220కి పడింది, గాలి వెంటనే చల్లబడింది. ఫ్యాన్ తిరుగుతోంది కానీ మెల్లగానే, స్పీడ్ అందుకోవట్లేదు.

వైరింగ్ పిచ్చోడు:
ఇంకేం, దొంగ దొరికాడు. మీ ఫ్యాన్‌కి రెండు స్పీడ్‌లు ఉంటే లో స్పీడ్ రెసిస్టర్ (కరెంటు తగ్గించే ముక్క) గుండా, హై స్పీడ్ నేరుగా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) నుంచి వస్తుంది. ప్రెషర్ 345 దాకా వెళ్లినా హై స్పీడ్ పడట్లేదంటే ముందు హై స్పీడ్ ఫ్యూజ్, తర్వాత రిలే చూడండి. అదే నంబరున్న పక్క రిలేతో మార్చి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

రిలే పడుతున్నా ఫ్యాన్ మందంగానే ఉంటే, తిరుగుతుండగా కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టండి. బ్యాటరీ మీద 13.8 ఉండి ఇక్కడ 11 చూపిస్తే కరెంటు దారిలో పోతోంది. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొన ఫ్యాన్ ఎర్త్ (నెగటివ్) పిన్‌కి పెట్టండి. అర వోల్టు చూపించినా ఎర్త్ తుప్పు పట్టినట్టే. బాడీకి బిగించిన ఆ ఎర్త్ వైరు రింగు విప్పి గీకి బిగిస్తే సరి. వోల్టేజీ పూర్తిగా వస్తున్నా తిరగకపోతే మోటార్ బ్రష్‌లు అరిగాయి.

విడదీసిన మోటార్‌కి 30 ఆంప్ ఫ్యూజున్న వైరుతో నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడొచ్చు. కానీ కంట్రోల్ మాడ్యూల్ ఉన్న ఫ్యాన్ అయితే ఆ పని చేయకండి, మాడ్యూల్ కాలిపోతుంది. చేయి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇగ్నిషన్ ఆపినా కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

బెజవాడ బండి:
రిలే మార్చగానే ఫ్యాన్ గిర్రుమని తిరిగింది. ఐడిల్‌లో హై 285 దగ్గర ఆగింది, లో 48. చల్లగానే వస్తోంది. ఇంతటితో అయిపోయినట్టేనా?

గేజీ మాస్టర్:
లేదు, 36 డిగ్రీల్లో 285 ఇంకా ఎక్కువే. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము పేరుకుని ఉంటుంది. ఇంజన్ వైపు నుంచి మామూలు పైపు నీళ్లతో కడగండి, ప్రెషర్ గన్ పెడితే ఫిన్‌లు వంగిపోతాయి. కడిగాకా తగ్గకపోతే ఆ టాప్‌అప్ మీదే అనుమానం. గ్యాస్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది, లైనులో గాలి చేరినా ఇలాగే ఉంటుంది. రికవరీ మెషీన్ (గ్యాస్‌ని వెనక్కి లాగి పట్టే మెషీన్) ఉన్నచోట గ్యాస్ మొత్తం లాగించి, లోపలి గాలి పోయేలా కనీసం అరగంట వాక్యూమ్ పెట్టించి, బానెట్ కింద స్టిక్కర్ మీదున్న గ్రాముల ప్రకారం తూకం వేసి నింపించండి. గేజీ చూసుకుంటూ నింపుతానన్నవాడి దగ్గర చేయించకండి. పాత గ్యాస్ గాల్లోకి వదిలేస్తామన్నా ఒప్పుకోవద్దు.