కందగడ్డకు తీగ ముక్క మేలా, గడ్డ మొలక మేలా?

కొత్తసాలు (సంగారెడ్డి జిల్లా), 2025 జులై 8
అందరికీ నమస్తే. ఎకరం ఎర్ర ఇసుక నేల ఉంది, ఈసారి కందగడ్డ వేద్దామనుకుంటున్నాను. మొన్న శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది, వచ్చేది ఫిబ్రవరి 15నే. గడ్డ మార్కెట్‌కు 8, 10 తారీఖుల కల్లా చేరాలి. పండుగ దాటాక మా దగ్గర ఒక్క కిలో అడిగేవాడుండడు. నాలుగు నెలల పంట అనుకుంటే అక్టోబర్ రెండో వారం దాటకుండా నాటాలి. తీగ ముక్కలు అప్పటికి ఎవరి దగ్గరైనా కొనాలా, లేక ఇప్పుడే గడ్డలు మడిలో పెట్టి మొలిపించుకోవాలా? ఇంట్లో నాన్న ఒకటి చెప్తున్నాడు, మామ ఒకటి చెప్తున్నాడు.

లంకబాబు
కంద అంటున్నారు, ఏ కంద? మా గోదావరి వైపు కంద అంటే కంద బచ్చలి కూర చేసుకునే కంద. కోస్తే చేతులు దురద పెడతాయి. దానికి తీగ ఉండదు కదా.

కొత్తసాలు
చిలగడదుంప అండీ. మేం కందగడ్డ అంటాం, మోరంగడ్డ అని కూడా అంటాం.

పెన్నగట్టు (కడప జిల్లా)
మేం గెనుసుగడ్డ అంటాం. పేరేదైనా దానికి నాటేది తీగే తమ్ముడూ, ఇందులో చర్చేముంది? ఇరవై ఏళ్లుగా వేస్తున్నాను. కొస ముక్క మొదటి రకం, నడిమి ముక్క రెండో రకం, మొదలు ముక్క పశువులకు. జానెడు పైన పొడవు, నాలుగైదు కణుపులు ఉండాలి. కోసిన రోజే నాటొద్దు. ఆకులు దూయకుండా రెండు రోజులు చెట్టు నీడన పెడితే కణుపుల దగ్గర తెల్లగా వేరు మొనలు కనిపిస్తాయి, అప్పుడు నాటు. బోదె మీద ముక్కను పడుకోబెట్టి నడుము మట్టిలోకి నొక్కాలి, రెండు కొసలూ బయట ఉండాలి. బోదెకీ బోదెకీ రెండు అడుగులు, ముక్కకీ ముక్కకీ జానెడు. గడ్డతో మొదలుపెట్టేవాళ్లు ఏడాది పోగొట్టుకుంటారు.

ఎర్రచెల్క (మెదక్ జిల్లా)
పెన్నగట్టు అన్న లెక్క చెప్పలేదు, నేను చెప్తా. ఆయన చెప్పిన దూరానికి ఎకరానికి 33,000 ముక్కలు కావాలి. అవి ఎవరిస్తారు? పైగా అన్నీ కొస ముక్కలే ఎవరిస్తారు? అమ్మేవాడు తీగను కొస నుంచి మొదలు దాకా తెగ్గోసి కట్ట కడతాడు, మనం విప్పేసరికి వాడు ఊరు దాటిపోతాడు.

కొత్తసాలు తమ్మీ, ఇయ్యాల జులై 8. ఒక్క సెంటు మడి చేసుకో. నలభై కిలోల గడ్డ తెచ్చుకో. మరీ లావువి వద్దు, ఒక్కోటి 125 నుంచి 150 గ్రాములుంటే చాలు, పురుగు రంధ్రం ఒక్కటి కూడా ఉండొద్దు. వానకే మొలుస్తాయి. నలభై ఐదు రోజులకు ఆ తీగ కోసి ఐదు సెంట్లలో రెండో మడి పెట్టు. ఇంకో నలభై ఐదు రోజులకు ఎకరానికి సరిపడా తీగ నీ ఇంట్లోనే ఉంటుంది. రేపు పెడితే సరిగ్గా అక్టోబర్ మొదటి వారం దాటేటప్పటికి సిద్ధం. ఎవరి గుమ్మం ముందు నిలబడే పని లేదు.

డాబాతోట (విశాఖపట్నం)
నాదీ చిన్న అనుభవం. వంటింట్లో మొలకెత్తిన దుంపను అలాగే గ్రో బ్యాగులో పాతిపెట్టాను. ఆకు బ్రహ్మాండంగా వచ్చింది, కూర కూడా వండాను. ఐదు నెలల తర్వాత తవ్వితే పాతిన దుంపే బుర్రంత లావైంది. పీచు, పీచు. కొత్తవి రెండు, అవీ వేలంత. ఎందుకలా?

పెన్నగట్టు
చూశారా? గడ్డ నాటితే ఇదీ కథ. అమ్మా, మీరు పాతిన దుంప తన ఒళ్లు తాను పెంచుకుంది, బిడ్డల్ని పెంచలేదు. కొత్తగా నాటిన తీగ కణుపుల్లోంచి వచ్చే వేళ్లే లావెక్కి గడ్డలవుతాయి. ఎర్రచెల్క గారు దీనికేమంటారు?

ఎర్రచెల్క
ఏమంటాను? గడ్డను చేన్లో నాటమని నేనెక్కడ రాశాను? మడిలో పెట్టి తీగ తీసుకోమన్నాను. నా పోస్టు మళ్లీ చదవండి.

పెన్నగట్టు
చదివాను. మొదలు గడ్డే కదా. గడ్డతో మొదలైతే గడ్డ గుణం రాకుండా ఉంటుందా?

ఎర్రచెల్క
గడ్డ గుణం ఏంటన్నా? మీ తీగ ఆకాశం నుంచి ఊడిపడిందా? అదీ ఎప్పుడో ఒక గడ్డ నుంచి వచ్చిందే.

రాలీరావు (నార్త్ కరోలినా)
ఇక్కడి సంగతి చెప్తాను. అమెరికాలో చిలగడదుంప ఎక్కువ పండించేది మా రాష్ట్రమే. ఇక్కడ అందరూ ఎర్రచెల్క గారి పద్ధతే. దాచిన దుంపల్ని వసంతంలో మడిలో పరిచి, మట్టి కప్పి, పైన ప్లాస్టిక్ వేస్తారు. వచ్చిన మొలకల్ని స్లిప్స్ అంటారు. మొలకను పీకరు, మట్టికి కొంచెం పైన కోస్తారు. మట్టిలో, దుంపలో ఉన్న తెగులు కోసిన ముక్కతో రాకుండా ఉంటుందని. కాబట్టి శాస్త్రీయ పద్ధతి అంటే మొలకే.

పెన్నగట్టు
రావు గారూ, మీకు చలికాలంలో మంచు పడి తీగ చచ్చిపోతుంది. దాచుకోవడానికి తీగ లేక దుంప దాస్తారు. అది శాస్త్రం కాదు, గతి. మాకు మంచు పడదు.

రాలీరావు
అదీ నిజమే. అయినా మట్టికి పైన కోయడం మాత్రం ఎవరైనా పాటించవచ్చు.

మోతుబరి2
అడవిపందులు తినని రకం ఏదైనా ఉంటే చెప్పండి, తీగైనా గడ్డైనా అదే వేస్తా.

ఎర్రచెల్క
మీ మాటలన్నీ వింటున్నా గానీ నా సంగతి ఎవరూ అడగట్లేదు. 2023లో తీగ కొనే వేశాను. పక్క ఊరి ఆసామి దగ్గర. ఆటో నిండా తెచ్చుకున్నాను. సగం మొదలు ముక్కలే, పుల్లల్లా ఉన్నాయి. నాటిన వాటిలో నాలుగో వంతు పట్టలేదు, మళ్లీ సందులు నింపాను. పట్టినవి శివరాత్రి ముందు తవ్వితే గడ్డ పైకి ఎర్రగా, కోస్తే లోపల నల్లటి సొరంగాలు, చేదు వాసన. ముక్కు పురుగు. మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు ఒక గడ్డ విరిచి వాసన చూసి బస్తా పక్కకు తన్నాడు. పండుగ ముందు రోజు రాత్రి రెండింటికి ఆ బస్తాలు మళ్లీ బండెక్కించుకొని వచ్చాను. ఆ రోజు ఉపవాసం నాకు జాగారంతో పాటు ముందే అయిపోయింది.

పెన్నగట్టు
బాధాకరమే. కానీ పురుగు తీగతోనే వచ్చిందని ఎలా చెప్తారు? నేల పగుళ్లిస్తే ఆ పగుళ్లలోంచి దిగి గడ్డకు చేరుతుంది. రెండుసార్లు మట్టి ఎగదోశారా? అంతకు ముందు ఏడాది అదే చేన్లో కందగడ్డే ఉందా?

ఎర్రచెల్క
అంతకు ముందు జొన్న. మట్టి ఎగదోశాను, ఒకసారి.

పెన్నగట్టు
ఒకసారి! అదీ సంగతి. తీగను తిట్టి లాభమేంటి?

ఎర్రచెల్క
మొదలు ముక్కలో ఆ పురుగు గుడ్లు పెడుతుందా లేదా? దానికి జవాబు చెప్పండి ముందు.

బీఎస్సీఅగ్రి (బాపట్ల)
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పెడుతుంది. ముదురు తీగ మొదట్లోనూ, గడ్డలోనూ పెడుతుంది. అందుకే ముదురు మొదలు ముక్క వద్దంటారు. అలాగని గడ్డ భద్రమనీ కాదు. ఫిబ్రవరిలో తవ్విన గడ్డ జులై దాకా దాచినప్పుడు లోపల ఒక్క పిల్ల పురుగున్నా కుప్పంతా పాకుతుంది. రెండు వైపులా దారి ఉంది దానికి.

ఇంకో మాట. ఏళ్ల తరబడి అదే తీగ తిప్పితే వైరస్ పేరుకుంటుంది, ఆకు మీద లేత మచ్చలు తప్ప ఏమీ కనిపించదు, దిగుబడి మాత్రం ఏటా కొంచెం కొంచెం జారుతుంది. గడ్డ మొలక తీసినా ఆ వైరస్ పోదు, గడ్డలోనూ ఉంటుంది. పోవాలంటే టిష్యూ కల్చర్ మొక్కతో, అంటే ల్యాబ్‌లో పెంచిన మొక్కతో మొదలుపెట్టాలి. తిరువనంతపురంలోని దుంప పంటల పరిశోధన సంస్థ వాళ్ల రకాల గురించి అడగవచ్చు, వాళ్ల ప్రాంతీయ కేంద్రం భువనేశ్వర్‌లోనూ ఉంది. ఆలస్యమైతే శ్రీభద్ర లాంటి 90 రోజుల రకం చూడండి.

పెన్నగట్టు
నా తీగకు వైరస్ ఉందంటున్నావా బాబూ? చేను చూశావా?

ఎర్రచెల్క
అంటే నా గడ్డకూ ఉందంటున్నావ్. మంచిది.

బీఎస్సీఅగ్రి
ఎవరి చేను గురించీ అనలేదండీ.

పెన్నగట్టు
అసలు సమస్య నేను చెప్తాను. గడ్డ మడి, రెండో మడి, తొంభై రోజులు, ఇదంతా ఏటా ఎందుకు చేయాల్సి వస్తోంది? పంట తవ్వినప్పుడు మంచి తీగ ఏరి ఐదు సెంట్లలో నాటుకొని ఏడాది పొడవునా కాపాడుకోలేకపోవడం వల్ల. మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో తీగ తెగలేదు. రైతన్నవాడు విత్తనం పోగొట్టుకోడు. మిగిలినదంతా బద్ధకానికి పెట్టుకున్న పేర్లు.

ఎర్రచెల్క
బద్ధకమా?

అన్నా, మా ఊళ్లో ఏప్రిల్ వస్తే నా బోరు గంటకు పది నిమిషాలు పోస్తుంది, తర్వాత గాలి. మే నెలలో బర్రెలకు నీళ్లు ట్యాంకర్‌లో తెస్తాం. ఆ నీళ్లు ఐదు సెంట్ల తీగకు పెట్టనా, బర్రెకు పెట్టనా? గడ్డ అయితే ఇంటి వెనక నీడలో ఇసుకలో కప్పితే జూన్ దాకా చుక్క నీరు అడగదు. సగం వాడిపోతాయి, కొన్ని కుళ్లిపోతాయి, మిగిలినవి తొలకరికి మొలకెత్తుతాయి. నేను గడ్డ పట్టుకుంది ప్రేమతో కాదు. నీళ్లున్నవాడికి తీగ, నీళ్లు లేనివాడికి గడ్డ. ఇంతే.

ఇంకా చెప్పాలంటే, మా నాన్న బతికున్నప్పుడు తీగ అడిగితే ఎవరూ పైసా తీసుకునేవాళ్లు కాదు. బోరున్న ఆసామి చేనుకు వెళ్లి నీకు కావాల్సినంత కోసుకో అనేవాడు. కోతకు నాలుగు గడ్డలు ఇచ్చి వచ్చేవాళ్లం. అదే ఇంటివాళ్లు 2023లో నాకు కట్టకు ఇంత అని లెక్క కట్టి మరీ మొదలు ముక్కలిచ్చారు. తీగ అమ్ముకునే రోజులొచ్చాక ఇంకొకడి తీగ మీద నమ్మకం ఎక్కడిది?

లంకబాబు
ఇదన్నమాట అసలు గొడవ.

పెన్నగట్టు
నేనూ అమ్ముతాను. దాచేదేముంది? వేసవిలో కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, అర్ధరాత్రైనా లేచి ఆ ఐదు సెంట్లకూ నీళ్లు కట్టింది నేను. రెండేళ్ల కిందట మోటారు కాలితే సొంత డబ్బుతో చుట్టించింది నేను. తొలకరి పడగానే ఇరవై మంది వచ్చి 'రెండు కట్టలు కోసుకుంటాం మామా' అంటారు. ఊరికే ఎందుకివ్వాలి? విత్తనాల షాపులో ఊరికే ఇస్తున్నారా? అక్కడ అడగడానికి నోరు రాదు, పక్క రైతు దగ్గర మాత్రం ఊరికే కావాలి.

ఎర్రచెల్క
అమ్ముకోండి. డబ్బు తీసుకున్నాక కొస ముక్కే ఇవ్వండి. ఊరికే ఇచ్చిన రోజుల్లో మా నాన్నకు మొదలు ముక్క ఎవడూ ఇవ్వలేదు.

పెన్నగట్టు
నా కట్టలో మొదలు ముక్క ఉండదు.

ఎర్రచెల్క
మా ఆసామీ ఇదే మాట అన్నాడు.

డాబాతోట
మీ ఇద్దరి గొడవలో నా గ్రో బ్యాగు సంగతి పోయింది. ఆ దుంప నుంచి ఇంకా తీగ ఉంది. కొసలు కోసి నాటితే ఇప్పుడు వస్తాయా?

పెన్నగట్టు
వస్తాయమ్మా. జానెడున్నర ముక్కలు. బ్యాగుకు రెండే.

బీఎస్సీఅగ్రి
ఎర్రచెల్క గారూ, మీరు ఇసుకలో దాచేది ఆఫ్రికాలోనూ చేస్తారు. ఎండాకాలం ఎక్కువున్న చోట్ల వేసవిలో తీగ బతకదని, అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం వాళ్లు ఉగాండా, టాంజానియా లాంటి దేశాల్లో పొడి ఇసుకలో దుంప దాచి, వానలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు చిన్న మడిలో పెట్టి నీళ్లు పోసి మొలిపించే పద్ధతిని ప్రచారం చేశారు. మీ సమస్యే వాళ్లదీ. ఇసుక మాత్రం బాగా ఎండి, చల్లారి ఉండాలి. రంధ్రం ఉన్న దుంపను అందులో పెట్టకూడదు. మధ్యలో ఒకటి రెండుసార్లు తీసి చూసి చెడ్డవి ఏరేయాలి.

ఎర్రచెల్క
ఏరేస్తాను. ఈసారి పదిహేను రోజులకోసారి. వానలకు ముందే నీళ్లు పోయడం మాత్రం మా దగ్గర కుదరదు, వాన పడ్డాకే మడి.

కొత్తసాలు, జులై 12
అందరికీ థ్యాంక్స్. మా పక్కన సగం మందికి బోరు ఉంది, నాకు లేదు, చెరువు కింద సెప్టెంబర్ నుంచే నీళ్లు. కాబట్టి ఎర్రచెల్క అన్న చెప్పినట్టు మడి పెడదామని నిన్న మార్కెట్‌లో నలభై కిలోలు తెచ్చాను. ఇంట్లో పరిచి ఒక్కోటి చూస్తే పదకొండు కిలోలకు రంధ్రాలు. తీసి కాల్చేశాను. మిగిలింది ఇరవై తొమ్మిది. నాన్న నవ్వుతున్నాడు. ఈ ఇరవై తొమ్మిది కిలోలు ఎకరానికి చాలవు కదా, టెన్షన్‌గా ఉంది. తక్కువ పడే తీగ ఎవరైనా అక్టోబర్‌లో ఇస్తారా?

ఎర్రచెల్క
పదకొండు తీసేయడం మంచి పనే. మిగిలినవి రేపే మడిలో పెట్టు. ఆగస్టు ఆఖర్లో రెండో మడి. ముప్పావు ఎకరం దాకా వస్తుంది.

పెన్నగట్టు
మిగతా పావు ఎకరానికి ఎనిమిది వేల ముక్కలు కావాలి. అక్టోబర్ మొదట్లో కోసి బస్సు పార్సిల్‌లో వేస్తాను, మర్నాటికి చేరుతుంది. కొస, నడిమి ముక్కలే. ధర నీకు విడిగా మెసేజ్ పెడతాను తమ్ముడూ.

ఎర్రచెల్క
విడిగా ఎందుకన్నా, ఇక్కడే రాయండి.