చర్చ: అమెరికా కోర్టులో పరాయి పిల్లల తరఫున మాట్లాడే అర్హత మనకుందా?

వేణు_డాలస్: ‘కాసా’ వాలంటీరుగా చేరమని ఒక స్నేహితురాలు అడుగుతున్నారు. ఇంట్లో హింస వల్లనో నిర్లక్ష్యం వల్లనో కోర్టు సంరక్షణలోకి వెళ్లిన పిల్లల తరఫున, జీతం లేకుండా, న్యాయమూర్తికి నివేదిక రాసే పని ఇది. అరకొర సమాచారంతో పసిపిల్లల బతుకులు తేల్చాల్సి వస్తోందని బాధపడిన డేవిడ్ సూకప్ అనే న్యాయమూర్తి 1977లో సియాటిల్‌లో దీన్ని మొదలుపెట్టారు. చేరవచ్చంటారా?

మూర్తి_హ్యూస్టన్: మన టెక్సస్‌లో జుట్టు కత్తిరించే లైసెన్సుకు 1000 గంటలు నేర్చుకోవాలి. బిడ్డ ఏ ఇంట్లో పెరగాలో చెప్పడానికి మాత్రం 30 గంటల శిక్షణ చాలునట!

సరళ_ఆస్టిన్: మూర్తి గారూ, నేను నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ 30 గంటలు ప్రారంభ శిక్షణ మాత్రమే. ఆ తరువాత ఏటా 12 గంటలు ఉంటుంది, ప్రతి నివేదికనూ సూపర్‌వైజరు చదువుతారు, నిర్ణయం న్యాయమూర్తిదే. సోషల్ వర్కర్ చేతిలో ఎన్నో కేసులుంటాయి, నా చేతిలో ఒక్కటే ఉంటుంది.

మూర్తి_హ్యూస్టన్: 30కి 12 కలిపితే 42. వెయ్యికి ఇంకా చాలా దూరం.

రాధిక: జుట్టు సంగతి వదిలి పిల్లల సంగతి మాట్లాడండి.

మూర్తి_హ్యూస్టన్: పిల్లల సంగతే చెబుతాను. మా అమ్మాయి బడిలో ‘నాన్న కొట్టాడు’ అన్న సాయంత్రమే ఒక అధికారిణి మా ఇంటికి వచ్చి, ఫ్రిజ్ తెరిచి చూసి, మేము నలుగురం నేల మీద పరుపులు పరుచుకొని ఒకేచోట పడుకుంటామని తెలుసుకొని, పిల్లకు సొంత మంచం లేదని రాసుకొని వెళ్లారు. కేసు మూసేశారు గానీ ఆ వాక్యం ఫైల్లో అలాగే ఉంది.

సరళ_ఆస్టిన్: వచ్చినది వాలంటీరు కాదు కదా! మమ్మల్ని న్యాయమూర్తి నియమిస్తేనే మేము ఆ ఇంటి గడప తొక్కుతాము.

మూర్తి_హ్యూస్టన్: గడప తొక్కిన కళ్లు ఎవరివైతేనేమి? సొంత ఇళ్లూ రెండేసి కార్లూ ఉన్న మనం, పేద తల్లి వంటగదిలో నిలబడి ఏమి రాస్తాం?

సరళ_ఆస్టిన్: ఒప్పుకుంటాను. నేల మీద పరుపు గురించి నా మొదటి నివేదికలో నేనూ రాశాను, చిన్నప్పుడు బాపట్లలో నేనెక్కడ పడుకున్నానో మరిచిపోయి. సూపర్‌వైజరు ఆ వాక్యాన్ని కొట్టేశారు. అయితే పిల్లలు 22 నెలల్లో 15 నెలలు పరాయి సంరక్షణలో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయమని ప్రభుత్వమే అడగాలని 1997 నాటి చట్టం చెబుతోంది. రాత్రి డ్యూటీ వల్ల, రెండు బస్సులు మారాల్సి రావడం వల్ల తల్లి బిడ్డను చూడడానికి రాలేకపోతే, ఆ సంగతి ఎవరో ఒకరు న్యాయమూర్తికి చెప్పాలి కదా?

మూర్తి_హ్యూస్టన్: చెప్పండి, అందుకు నాకు అభ్యంతరం లేదు. పిల్లవాడు అమ్మ దగ్గరికే వెళ్తానని ఏడిస్తే, మీకది మంచిది కాదనిపిస్తే, అప్పుడేం రాస్తారు?

సరళ_ఆస్టిన్: వాడి కోరికను వాడి మాటల్లోనే రాస్తాను. సిఫారసు మాత్రం వాడి మేలును బట్టి చేస్తాను. మా బాధ్యత అదే.

మూర్తి_హ్యూస్టన్: ఆ ‘మేలు’ కొలిచేది మీరే కదా. గంటల గొడవ వదిలేస్తున్నాను, నా పేచీ ఇక్కడే.

వేణు_డాలస్: పరిచయ సమావేశం శనివారం ఉంది. ఈ ప్రశ్న అక్కడ అడుగుతాను.