అప్‌డేట్: బెంగలన్నీ కాగితం మీద పెట్టాక

ఉద్యోగం పోతుందేమో, పెద్ద జబ్బేదో ఉందేమో అన్న ఊహలతో నిద్రపట్టడం లేదని నెల క్రితం మీ సలహా అడిగాను. మీలో ఒకరు చెప్పినట్టు రోజూ సాయంత్రం అరగంట చింతకే కేటాయించాను. మిగతా వేళల్లో వచ్చిన బెంగను ఒక్క ముక్కలో రాసి వదిలేయడమే. మనస్తత్వ చికిత్సలో 1980ల నుంచీ ఉన్న పద్ధతే ఇది.

మూడు వారాల్లో 41 రాశాను. సాయంత్రం ఒక్కోదాని ఎదుట ఆధారం రాయబోతే, 38 బెంగల ఎదుట "ఏమో" అని తప్ప మరే ఆధారమూ రాయలేకపోయాను.

మిగిలిన మూడూ నిజమైనవే. ఒకటి రక్తపోటు: 150/95. లేని జబ్బులకు వణుకుతూ, ఉన్న జబ్బును పట్టించుకోలేదు, తలచుకుంటే బాధగా ఉంది. మందు మొదలైంది. రెండోది బాకీ, ఆ సంగతి అన్నయ్యకు చెప్పేశాను. మూడోది, అమ్మతో మాట్లాడటమే మిగిలింది, ఆదివారం వెళ్తున్నాను.