పైథాన్ 3.10.4 నుంచి 3.10.14కి మారగానే 1559 దగ్గర ఆగిపోతోంది, వెనక్కి వెళ్లిపోవాలా?

ప్రశ్న

నమస్కారం. నేను గణితం చెబుతాను. సర్వర్ పని అవసరం కొద్దీ నేర్చుకున్నదే. పిల్లలు ఫ్యాక్టోరియల్స్, కాంబినేషన్స్ సాధన చేసుకోవడానికి పైథాన్‌లో ఒక చిన్న సైట్ రాశాను. 2000 ఫ్యాక్టోరియల్ దాకా ప్రతి విలువనూ చివరి అంకె వరకు చూపించాలన్నది నా పట్టుదల. ఉజ్జాయింపుగా పది ఘాతం అని రాసి ఊరుకుంటే పిల్లలకు ఆ సంఖ్య పొడుగు కళ్లకు కట్టదు. రోజూ రాత్రి ఒక స్క్రిప్ట్ నడిచి, విలువలన్నీ మొదటి నుంచి లెక్కగట్టి డేటాబేస్‌లో టెక్స్ట్‌గా రాస్తుంది.

మొన్న సర్వర్‌లో 3.10.4 తీసేసి 3.10.14 పెట్టాను. మారేది చివరి నంబరే, కొత్త ఫీచర్లు రావు, బగ్గులు సరిచేసి ఉంటారంతే అనుకున్నాను. విడిగా టెస్ట్ చేయలేదు. తెల్లారి చూస్తే పట్టిక 1558 దగ్గర ఆగి ఉంది. 1559కి వాల్యూ ఎర్రర్. పూర్ణాంకాన్ని స్ట్రింగ్‌గా మార్చేటప్పుడు 4300 అనే పరిమితి దాటిపోయిందని లాగ్‌లో ఉంది.

లాగరిథమ్స్‌తో సరిచూశాను. 1558 ఫ్యాక్టోరియల్‌కి సరిగ్గా 4300 అంకెలు, 1559కి 4303. అంటే ఇది పొరపాటున వచ్చినది కాదు, ఎవరో కావాలనే అక్కడ గీత గీశారు. గుణకారం మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా జరుగుతోంది. జవాబును అంకెలుగా రాయమన్నప్పుడే మొండికేస్తోంది.

నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, మళ్లీ 3.10.4కి వెళ్లిపోవడం. రెండోది, సర్వర్ మొత్తానికి ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములన్నీ చదివే సెట్టింగ్) పెట్టి ఆ పరిమితిని సున్నా చేయడం. అలా చేస్తే పరిమితే ఉండదని చదివాను. వచ్చే వారం పిల్లలకు పరీక్ష ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఏది మంచిది?

జవాబు 1

దయచేసి ఆ రెండూ చేయకండి. మీ ఇబ్బంది ఒక పూటలో తీరిపోయేదే, కానీ ముందు ఆ గీత ఎందుకు గీశారో చెప్పనివ్వండి.

అది సీవీఈ-2020-10735 అనే భద్రతా లోపానికి వేసిన కట్టు (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపాలకు ఇచ్చే నంబర్). 2022 సెప్టెంబర్‌లో 3.10.7 అనుకున్న షెడ్యూల్ కంటే ముందే వచ్చింది, దానికోసమే. దాంతోపాటు 3.9.14, 3.8.14, 3.7.14 కూడా వచ్చాయి. లోపం ఏమిటంటే, దశాంశ అంకెల్లో ఉన్న టెక్స్ట్‌ను పూర్ణాంకంగా మార్చడానికీ, పూర్ణాంకాన్ని తిరిగి అంకెలుగా రాయడానికీ పట్టే సమయం పొడుగుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. పొడుగు రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. పది రెట్లైతే వంద రెట్లు. 5 లక్షల అంకెలకు వేగమైన ప్రాసెసర్ మీద కూడా సెకను దాటుతుందని పైథాన్ డాక్యుమెంటేషనే చెబుతుంది. 50 లక్షల అంకెలు అంటే 5 ఎంబీ టెక్స్ట్, అంతే. అది పంపడానికి ఎవరికీ కష్టం లేదు. కానీ మీ సర్వర్ నిమిషంన్నరకు పైగా ఆ ఒక్క పని మీదే కూర్చుంటుంది. అలాంటివి పది పంపితే సైట్ పడుకున్నట్టే. జేసన్‌లో (ప్రోగ్రాములు డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) సంఖ్య వచ్చినా లోపల జరిగేది ఈ మార్పిడే కాబట్టి, ఆ దారి కూడా తెరిచే ఉండేది.

అందుకే 4300 అంకెలు దాటితే మార్చనని పైథాన్ చెబుతోంది. మామూలు అవసరాలకు ఇది అడ్డు రాదు. ఎన్‌క్రిప్షన్‌లో వాడే 4096 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ కూడా దశాంశంలో 1234 అంకెలే. హెక్స్, ఆక్టల్, బైనరీలకు ఈ పరిమితి వర్తించదు, ఎందుకంటే 2, 8, 16 లాంటి, 2కి ఘాతాలైన ఆధారాలకు ఆ వర్గం లెక్క రాదు. మీ గుణకారం ఆగకపోవడానికీ కారణం ఇదే: లోపల సంఖ్య బైనరీలోనే ఉంటుంది.

వెనక్కి వెళ్లొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత అనుభవం ఒకటుంది. 2021లో నేను చూసుకునే ఒక సిస్టమ్‌లో 3.9.4 నుంచి 3.9.5కి మారాం. లోపలికి అనుమతించాల్సిన ఐపీ అడ్రసుల జాబితా చదివే స్క్రిప్ట్ ఆ రాత్రే పడిపోయింది. ఫైల్ తెరిచి చూస్తే అడ్రసులు వరసగా కనిపించాలని ఎవరో ముందు సున్నాలు చేర్చి రాశారు: 010.8.0.1 అని. 3.9.4 దాన్ని నోరెత్తకుండా 10.8.0.1గా తీసుకునేది. 3.9.5 ముందు సున్నా ఉంటే ఒప్పుకోనంది. నేను విసుక్కుని రోల్‌బ్యాక్ చేసి పాత వెర్షన్ పెట్టాను, సైట్ లేచింది, పడుకున్నాను.

పొద్దున్న చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) చదివాక ఒళ్లు చల్లబడింది. ముందు సున్నా ఉన్న సంఖ్యను చాలా పాత నెట్‌వర్క్ పనిముట్లు ఆక్టల్‌గా చదువుతాయి. వాటికి 010 అంటే ఎనిమిది. అంటే మా పైథాన్ తనిఖీ దాన్ని లోపలి నెట్‌వర్క్ 10.8.0.1 అనుకుని అనుమతి ఇస్తే, తర్వాతి మెట్టులో ఉన్న ప్రోగ్రామ్ బయటి ప్రపంచంలోని 8.8.0.1కి వెళ్లగలదు. ఒకే వరస, రెండు అర్థాలు. సీవీఈ-2021-29921 అంటే అదే. మా ఫైల్‌లో అలాంటివి పదకొండు ఉన్నాయి. కొత్త వెర్షన్ ఆ తప్పును వేలెత్తి చూపిస్తే నేను ఆ వేలినే మూసేశాను. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

మీరు 3.10.4కి వెళితే పోయేది ఈ ఒక్క పరిమితే కాదు. ఖాళీ స్పేస్‌తో మొదలైన యూఆర్‌ఎల్ బ్లాక్‌లిస్ట్‌ను దాటిపోయే లోపం మళ్లీ తెరుచుకుంటుంది, అది 3.10.12లో మూశారు. క్లయింట్ సర్టిఫికెట్ (వచ్చినవారి గుర్తింపు పత్రం) అడిగే సర్వర్‌కి, హ్యాండ్‌షేక్ (మొదట జరిగే పరిచయ తనిఖీ) పూర్తికాకుండానే పంపిన డేటా తనిఖీ అయిపోయినదానిలా చేరే లోపం 3.10.13లో మూశారు. ఒకే డేటాను మళ్లీ మళ్లీ చూపించి, విప్పగానే డిస్క్ నింపే జిప్ బాంబ్‌కి అడ్డుకట్ట 3.10.14లో వచ్చింది. ఇవన్నీ వదులుకుంటారు, ఒక ఫ్యాక్టోరియల్ కోసం.

ఇక చేయాల్సింది. రాత్రి స్క్రిప్ట్ మొదట్లో సిస్ మాడ్యూల్‌లోని సెట్_ఇంట్_మ్యాక్స్_స్ట్ర్_డిజిట్స్ ఫంక్షన్‌ను పిలిచి 6000 ఇవ్వండి. 2000 ఫ్యాక్టోరియల్‌కి 5736 అంకెలు కాబట్టి అది చాలు. సున్నా ఇవ్వకండి. ఆ మార్పు ఆ ప్రాసెస్ వరకే ఉంటుంది. వెబ్ ప్రాసెస్‌కి 4300 అలాగే ఉంచండి, అది డేటాబేస్‌లోని టెక్స్ట్‌ను చూపిస్తుందే తప్ప ఏదీ మార్చక్కర్లేదు కదా.

ఒక్కటి అడుగుతాను: మీ సైట్‌లో పిల్లలు సంఖ్య టైప్ చేసే చోటు ఏమైనా ఉందా?

జవాబు 2

పై జవాబులోని పరిష్కారం సరైనదే. కానీ ప్రశ్న అడిగినవారి కోపంలోనూ న్యాయం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మెయింటెనెన్స్ రిలీజ్ అంటే నిన్న నడిచిన ప్రోగ్రామ్ ఈరోజూ నడవాలి. ఆ నమ్మకంతోనే మనం చివరి నంబర్ మారినప్పుడు ధైర్యంగా అప్‌డేట్ చేస్తాం. 4300 అనే గీత నడుస్తున్న గణిత ప్రోగ్రాములను ఆపింది. అప్పట్లో పెద్ద సంఖ్యలతో పనిచేసేవాళ్లు దీనిమీద గట్టిగానే వాదించారు, నేనూ వాళ్ల పక్షమే.

ఇదే పని మెల్లగా ఎలా చేయవచ్చో టార్‌ఫైల్ (చాలా ఫైళ్లను ఒకే మూటగా కట్టిన టార్ ఫైళ్లను విప్పే పైథాన్ మాడ్యూల్) విషయంలో చూడండి. టార్ ఫైల్ లోపల రెండు చుక్కలతో పై ఫోల్డర్‌కి ఎక్కే దారి రాసిపెడితే, విప్పినప్పుడు మీ ఫోల్డర్ దాటి బయట ఫైళ్లను తొక్కేస్తుంది. దాని నంబర్ సీవీఈ-2007-4559, అంటే 2007 నాటి గొడవ. పెప్ 706 (పైథాన్‌లో ఒక మార్పు ప్రతిపాదన)తో దానికి, అలాంటి దారులను ఆపే ఫిల్టర్ అనే ఆర్గ్యుమెంట్ వచ్చింది. 3.10.12, 3.11.4 లాంటి చిన్న రిలీజుల్లోకి దాన్ని తెచ్చారు కానీ, అడిగినవాళ్లకే పనిచేసేలా పెట్టారు. 3.12లో ఫిల్టర్ ఇవ్వకపోతే హెచ్చరిక మొదలైంది. 3.14లో సురక్షితమైన ‘డేటా’ ఫిల్టరే డిఫాల్ట్ అయింది. 3.14 అంటున్నాను, మీ 3.10.14 కాదు, ఈ నంబర్లు చాలామందిని తికమక పెడతాయి. ఎవరి ప్రోగ్రామూ రాత్రికి రాత్రి పడిపోలేదు.

మీ సర్వర్‌లో టార్ ఫైళ్లు విప్పే కోడ్ ఉంటే, 3.10.14 ఉంది కాబట్టి ఫిల్టర్ ఇప్పుడే వాడుకోవచ్చు. దానంతట అది రాదు, మీరే రాయాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. సంఖ్య టైప్ చేసే చోటు ఉందా అన్న ప్రశ్న చదివి వెంటనే కోడ్ తెరిచాను. ఉంది. పిల్లలు తాము కట్టిన జవాబు అతికించి సరిచూసుకునే పెట్టె. దానికి పొడుగు పరిమితే పెట్టలేదు నేను. వాళ్లు రాసినదాన్ని నేరుగా పూర్ణాంకంగా మార్చి అసలు విలువతో పోలుస్తోంది.

నా సొంత కంప్యూటర్‌లో పాత 3.10.4 మీద అదే సైట్ నడిపి చూశాను. ఆ పెట్టెలో 5 లక్షల ఒకట్లు అతికిస్తే పేజీ రెండు సెకన్లు కదల్లేదు. 10 లక్షలు అతికిస్తే ఎనిమిది సెకన్లు. నాలుగు రెట్లు, మీరు చెప్పినట్టే. వర్గ సమాసం గ్రాఫ్ బోర్డు మీద వందసార్లు గీసినదాన్ని, అది నా సైట్‌లోనే కూర్చుని ఉందని తెలియలేదు. ఆ పెట్టె ఇన్నాళ్లూ ఎవరైనా వాడుకునేలా తెరిచే ఉంది. సున్నా పెట్టి ఉంటే ఇకముందూ తెరిచే ఉండేది.

ఒక సందేహం. 3.10.14లో ఇప్పుడు 4300 దాటిన సరైన జవాబు అతికించినా ఆ పెట్టె ఎర్రర్ ఇస్తుంది కదా? అక్కడ కూడా 6000 పెట్టనా?

జవాబు 1

అక్కడ మార్పిడే అక్కర్లేదు. డేటాబేస్‌లో జవాబు టెక్స్ట్‌గానే ఉంది, పిల్లలు రాసినదీ టెక్స్టే. ముందు పొడుగు చూడండి, 8000 అక్షరాలు దాటితే అక్కడే తిప్పిపంపండి. తర్వాత కామాలు, ఖాళీలు, ముందు సున్నాలు తీసేసి రెండు టెక్స్టులనూ పోల్చండి. పూర్ణాంకం మధ్యలో రాకపోతే ఈ లోపమే మీకు వర్తించదు.

రెండో జవాబు రాసినవారికి: మీ వాదనను నేను కొట్టిపారేయను. కానీ ఈ రెండు లోపాలూ ఒకలాంటివి కావు. టార్ విషయంలో విప్పే కోడ్ రాసిన మనిషి ఫిల్టర్ చేర్చుకోగలడు, ఆ కోడ్ అతని చేతిలో ఉంది. అంకెల మార్పిడి ప్రతి లైబ్రరీ అడుగునా ఉంది. అడిగినవాళ్లకే రక్షణ అంటే జేసన్ చదివే ఏ సైటూ అడిగి ఉండేది కాదు, ఎందుకంటే అడగాలని ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఈవిడకు కూడా ఆ పెట్టె సంగతి తెలిసింది ఎర్రర్ వచ్చాకే కదా. కాకపోతే అలాంటి మార్పు ఉన్న రిలీజ్‌కి ప్రకటన మొదటి వాక్యంలోనే ‘మీ ప్రోగ్రామ్ ఆగవచ్చు’ అని పెద్ద అక్షరాలతో రాయాలి. అక్కడ మీతో ఏకీభవిస్తాను.

నేనిప్పుడు ఏ చిన్న రిలీజ్ వచ్చినా చేంజ్‌లాగ్‌లో ‘సెక్యూరిటీ’ అనే భాగాన్నే ముందు చదువుతాను. తర్వాత లైబ్రరీ భాగంలో ‘ఇకపై అంగీకరించదు’ అన్న అర్థం వచ్చే వరసల కోసం వెతుకుతాను. బద్దలయ్యేది దాదాపు ఎప్పుడూ అక్కడే.

జవాబు 3

ఒక్క మాట చేరుస్తాను. 3.10 వరసకి మామూలు బగ్ సవరణలు 2023 ఏప్రిల్‌లో 3.10.11తోనే ఆగిపోయాయి. ఆ తర్వాత వచ్చేవి భద్రతా సవరణలే, అవీ సోర్స్ కోడ్‌గానే వస్తాయి, విండోస్, మ్యాక్ ఇన్‌స్టాలర్లు ఉండవు. 2026 అక్టోబర్ దాకే ఆ మద్దతు. మీరు ఎలాగూ కోడ్ తెరిచారు కాబట్టి 3.12 మీద కూడా ఒకసారి నడిపి చూడండి. అందులో చాలా పెద్ద సంఖ్యల మార్పిడికి కొత్త పద్ధతి వచ్చింది, వర్గం లెక్క తగ్గింది. 4300 పరిమితి మాత్రం అలాగే ఉంది, అందుకని మీ 6000 వరసను తీసేయకండి.

ప్రశ్న అడిగినవారు

రాత్రి స్క్రిప్ట్‌లో 6000 పెట్టాను. ఆగకుండా 2000 దాకా వెళ్లింది. నమ్మకం కోసం చివరి విలువ అంకెలు లెక్కపెట్టించాను: 5736. చివర్న వరసగా ఉన్న సున్నాలు 499. 2000ని ఐదు, ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు, ఆరు వందల ఇరవై ఐదులతో భాగించి కూడితే 400, 80, 16, 3, మొత్తం 499 రావాలి, వచ్చాయి.

జవాబు సరిచూసే పెట్టెలో పూర్ణాంకం మార్పిడి తీసేశాను, ఇప్పుడు టెక్స్ట్‌తోనే పోలుస్తోంది. 10 లక్షల ఒకట్లు మళ్లీ అతికించాను. ‘చాలా పొడుగ్గా ఉంది’ అని వెంటనే చెప్పి ఊరుకుంది.

టార్ మాట కూడా మంచి వేళకే ఎత్తారు. తోటి టీచర్లు ప్రశ్నపత్రాలను టార్ ఫైల్‌గా పంపితే సైట్ విప్పి పెట్టుకునే చోటు ఒకటుంది. దానికి ఫిల్టర్ లేదు. ఈ పూట ఆ అప్‌లోడ్ ఆపేశాను, రేపు ‘డేటా’ ఫిల్టర్ చేర్చాకే తెరుస్తాను. 3.12 సంగతి పరీక్ష అయ్యాక.