అర్జెంటు: 42 పెట్టెల పుస్తకాలు, సంతకం పెట్టేవాళ్ళు లేరు

డల్లాస్‌లోని మన సంఘం సేకరించిన పాత పుస్తకాల్ని బెజవాడ బడులకి పంపే పని మీద గ్రూపులో మాటలివి. మనుషుల పేర్ల బదులు వాళ్ళుండే చోట్లు: ఇర్వింగ్, ప్లేనో, డెంటన్ డల్లాస్ చుట్టుపక్కలవి, పటమట, సింగ్‌నగర్ బెజవాడవి, బ్రాడీపేట గుంటూరుది.

ఇర్వింగ్ · ఆదివారం రాత్రి
ఓడకి కటాఫ్ జూలై 3. ఆ రోజుకి హ్యూస్టన్ గోడౌన్లో పెట్టెలు పడకపోతే సెప్టెంబరు 8 అక్షరాస్యతా దినానికి బెజవాడ బడుల్లో పంచడం జరగని పని. ఇంకా తేలనివి ఇవి:
– పెట్టెల బరువులు, ప్యాకింగ్ జాబితా: ప్లేనో అంకుల్, డెంటన్ పిల్లలు
– ఫ్రైట్ వాళ్ళకి అడ్వాన్సు: కోశాధికారి గారు
– 28న హాలు దగ్గర చివరి సేకరణ: నేను
– చెన్నై నుంచి లారీ: బ్రాడీపేట
– సరుకు తీసుకుంటామని కాలేజీ ఉత్తరం: పటమట
– బడుల పేర్లు: సింగ్‌నగర్ మాస్టారు
ఎవరిది ఎందాకా వచ్చిందో ఈ రాత్రే రాయండి.

ప్లేనో
42 పెట్టెలు కట్టేశాం. అన్నీ 16×12×12 అంగుళాలవే. అంతకన్నా పెద్ద పెట్టెలో పుస్తకాలు నింపితే ఎత్తేటప్పుడు అడుగు ఊడిపోతుంది. ఒక్కోటి 18 కిలోలు, మొత్తం 756 కిలోలు, దాదాపు 1,900 పుస్తకాలు. తడి వాసన కొట్టినవన్నీ బయటికి తీశాం. బూజు పట్టిన పుస్తకం ఒక్కటున్నా నెలన్నర ఓడలో ఉండేసరికి పెట్టె మొత్తానికి పాకుతుంది. ప్యాలెట్ (పెట్టెలు పేర్చే చెక్క పలక) ఎవరు తెచ్చినా సరే, వేడి చేసినట్టు ముద్ర ఉన్న చెక్కే తేవాలి. ముద్ర లేని చెక్కని పోర్టులో ఆపేస్తారు.

డెంటన్
ఏరివేత అయిపోయింది. పాత కంప్యూటర్ మాన్యువల్స్, ఎన్‌సైక్లోపీడియాలు, పన్నుల గైడ్లు, పెన్నుతో జవాబులు నింపేసిన వర్క్‌బుక్కులు తీసేశాం. క్యాంపస్ డబ్బాల్లో పడేవాటిలో సగం ఇవే, "పారేయడానికి మనసు రాక" వేసినవి. మిగిలినవాటిలో బొమ్మల పుస్తకాలు మూడో వంతు. మిగతావి అమెరికా పిల్లలు ఆరు, ఏడు తరగతుల్లో చదివే నవలలు.

సింగ్‌నగర్
నవలలు మా పిల్లలకి బరువవుతాయండీ. పేజీకి ఒకటి రెండు వాక్యాలున్నవి అయితే నాలుగో తరగతి వాళ్ళు కూడబలుక్కుని చదువుతారు. వాళ్ళ పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటుంది. అలాంటివి ఉంటే మరీ మంచిది.

పటమట · సోమవారం
అక్కా, ఉత్తరం రావట్లేదు. సరుకు మా పేరున రావడానికి వీల్లేదని కాలేజీ ఆఫీసు వాళ్ళు ఈ ఉదయం తేల్చేశారు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదట, దిగుమతి కోడ్ కూడా లేదట. "పాత పుస్తకాలే కదా సార్" అంటే, పాతవైనా కొత్తవైనా విదేశం నుంచి సంస్థకి వచ్చిన వస్తువు వస్తువే అన్నారు. ఆడిటర్ కూడా అదే మాట చెప్పాడు.

బ్రాడీపేట
లారీకి మాట ఇచ్చేశాను. ఈ ముక్క మేలోనే కనుక్కోవాల్సింది కదా?

పటమట
మేలోనే ఉత్తరం ఇచ్చాం అన్నా. జవాబు ఇవాళ ఇచ్చారు. సెలవుల్లో ఆఫీసులో ఎవరుంటారో నీకు తెలియదా?

ప్లేనో
ఇదంతా ఎందుకు, ఎం-బ్యాగుల్లో పంపేస్తే పోయేదిగా? పోస్టాఫీసు సంచి, ఒక్కోదాన్లో 66 పౌండ్లు. అప్పట్లో అందరూ అలాగే పంపేవాళ్ళు.

కోశాధికారి
ఓడలో వెళ్ళే ఎం-బ్యాగ్ 2007లోనే ఎత్తేశారండీ. ఇప్పుడున్నది విమానానిదే, రేటు పౌండు లెక్కన. 756 కిలోలంటే పాతిక సంచులకి పైనే. మన ఖాతాలో ఉన్న 1,100 డాలర్లు ఏ మూలకీ రావు.

ఓడ సంగతీ చెబుతాను. మన సరుకు ప్యాలెట్లతో కలిపి రెండు ఘనమీటర్లు. ఓడ కిరాయి చూడ్డానికి తక్కువే, అసలు దెబ్బ చెన్నైలో దించాక. గోడౌను ఛార్జీ, డెలివరీ ఆర్డరు, కస్టమ్స్ ఏజెంటు, ఆలస్యమైతే రోజువారీ అద్దె, అక్కణ్ణుంచి 450 కిలోమీటర్ల లారీ. ముద్రిత పుస్తకాల దిగుమతి మీద 2019 బడ్జెట్లో 5 శాతం సుంకం పెట్టారు. విరాళం కాబట్టి విలువ సున్నా అని ఇన్‌వాయిసులో రాస్తే ఒప్పుకోరు, విలువ వాళ్ళే కడతారు. ఆఫ్రికాకి పుస్తకాలు పంపేవాళ్ళకి గిట్టుబాటవుతోందంటే 40 అడుగుల కంటైనర్లో ఇరవై వేలకి పైగా సర్ది పంపుతారు కాబట్టి. రెండు ఘనమీటర్లకి ఆ లెక్క కుదరదు.

ఇక సంతకం. కాలేజీ వాళ్ళు చెప్పింది నిజమే. చట్టంలో విదేశీ విరాళం అంటే డబ్బు ఒక్కటే కాదు, వస్తువు కూడా. విద్య, సేవ లాంటి పనులు చేసే సంస్థ రిజిస్ట్రేషన్ లేకుండా ఏదీ తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి.

బ్రాడీపేట
రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టుని పట్టుకుందాం. వాళ్ళు తీసుకుని మనకిస్తారు.

కోశాధికారి
2020 సవరణతో ఆ దారీ మూసేశారు. తీసుకున్నవాళ్ళు ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు.

ప్లేనో
అయితే నేనే సొంతంగా పంపిస్తా. నేను పుట్టింది గవర్నర్‌పేటలో. నా డబ్బు, నా పుస్తకాలు. మధ్యలో సంఘం పేరే వద్దు.

కోశాధికారి
మీరు అమెరికా పౌరులు అంకుల్. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకిచ్చేది) ఉన్నా చట్టం లెక్కలో మీది విదేశీ విరాళమే. డెంటన్ పిల్లలు చదువు వీసా మీదున్న భారత పౌరులు. వాళ్ళు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు.

ప్లేనో
బాగుంది! గ్యారేజీ నాది, నడుం నొప్పి నాది, డబ్బు మాత్రం పరాయిది. మా తమ్ముడి కొడుకు లబ్బీపేటలో ఉన్నాడు. వాడికి బహుమతిగా పంపితే ఎవడు అడుగుతాడు?

కోశాధికారి
బంధువుకి బహుమతి ఇవ్వచ్చు, కాదనను. ఆ బహుమతి తెల్లారేసరికి బడి విరాళం అయిందనుకోండి, అది దొడ్డిదారే. సంఘం లెక్కల పుస్తకం నా చేతిలో ఉండగా ఒప్పుకోను.

బ్రాడీపేట
1911లోనే రామ్మోహన గ్రంథాలయం పెట్టుకున్న ఊరికి డల్లాస్ నుంచి పుస్తకాలు రావాల్సిన ఖర్మేంటని నేను మొదట్నుంచీ అంటున్నా. ఒక్కరు వింటేగా.

ఇర్వింగ్
ఆపండి ఇద్దరూ. హాలు వాళ్ళు కూడా ఇప్పుడే ఫోన్ చేశారు, పెట్టెలు రాత్రంతా ఉంచడానికి వీల్లేదట. సేకరణ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ 42 ఏం చేయాలో చెప్పండి.

డెంటన్ · మంగళవారం
రాత్రి కూర్చుని చూశాం. ఇంగ్లీషువి ఇక్కడే వదిలించుకుందాం. రెండు దారులున్నాయి. ఒకటి హాఫ్ ప్రైస్ బుక్స్, మన డల్లాస్ కంపెనీయే. పెట్టెలు తీసుకెళ్తే అక్కడికక్కడే చూసి రేటు చెబుతారు. రేటు నామమాత్రమే, కానీ వాళ్ళు వద్దన్నవి కూడా అక్కడే వదిలేయచ్చు. రెండోది బెటర్ వరల్డ్ బుక్స్. 2002లో నోట్రే డామ్ విద్యార్థులు మొదలుపెట్టింది, క్యాంపస్ సేకరణే దాని పునాది. ఆన్‌లైన్లో అమ్మి అందులో కొంత అక్షరాస్యతా సంస్థలకి ఇస్తారు. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) లేని పాతకాలం పుస్తకాలు వీళ్ళకి పనికిరావు. అందుకని ముందు ఫోన్‌తో బార్‌కోడ్లు స్కాన్ చేసి, కోడ్ ఉన్నవీ లేనివీ వేరు చేస్తాం.

కోశాధికారి
మంచిది. అమ్మగా వచ్చిన డబ్బు సంఘానిదే కాబట్టి అదీ ఇండియాకి పోదు. ఇక్కడి లైబ్రరీలో పెద్దవాళ్ళకి చదువు నేర్పే తరగతులున్నాయి. వాటికిద్దాం, రసీదు తీసుకుంటా.

ఇర్వింగ్
మరి బెజవాడకి?

సింగ్‌నగర్
ఒక మాట చెప్పనా అండీ. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఇక్కడ ఇళ్ళల్లో పుస్తకాలన్నీ నానిపోయాయి. పిల్లలకి కావలసింది తెలుగు కథలు, పల్చగా, రంగుల్లో, చేతిలో పట్టేవి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్లో ప్రథమ్ బుక్స్ వాళ్ళవి తెలుగు కథలు బోలెడున్నాయి. ఉచితం. పేరు, లైసెన్సు చెబితే ఎవరైనా ముద్రించుకోవచ్చు. ఒకటో స్థాయి నుంచి నాలుగో స్థాయి దాకా ఉంటాయి. మాకు ఒకటీ రెండూ ఎక్కువ కావాలి.

పటమట
మాస్టారూ, ఇది మా వల్ల అవుతుంది! ప్రింటు షాపు అన్నతో మాట్లాడి వచ్చాను. 16 పేజీల కథకి ఏ4 కాగితాలు నాలుగు, రెండు వైపులా, మధ్యకి మడిచి రెండు పిన్నులు. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి, లేకపోతే చివర తెల్ల పేజీలు మిగులుతాయి. ప్రింటర్లో బుక్‌లెట్ ఆప్షన్ పెట్టి, తిప్పేది పొట్టి అంచు మీద అని ఎంచుకోవాలి. పొడుగు అంచు పెడితే వెనక పేజీ తలకిందులుగా పడుతుంది. లోపలి కాగితం 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు), అట్ట 220. 70 కాగితం చవకే కానీ రంగు వెనక్కి కనపడుతుంది.

బ్రాడీపేట
పీడీఎఫ్ నేరుగా ప్రింటుకి ఇవ్వండి. వర్డ్‌లోకి ఎక్కించి సర్దుదామనుకుంటే ఒత్తులు చెదిరిపోతాయి. "స్త్రీ" కాస్తా మూడు ముక్కలవుద్ది. ఇంకోటి, చివరి పేజీలో రచయిత, బొమ్మలేసినవాళ్ళు, లైసెన్సు వివరాలు ఉంటాయి. కాగితం మిగులుద్దని షాపువాడు అది తీసేస్తానంటాడు. తీయనీయొద్దు, ఉచితంగా వాడుకోవడానికి షరతు అదే.

డెంటన్
మాలో పదకొండుమందిమి వేసుకుంటున్నాం. ఎవరి ఇండియా ఖాతాలోంచి వాళ్ళం నేరుగా షాపుకి కడతాం, బిల్లు పటమట పేరున. కోశాధికారి గారూ, ఓకేనా?

కోశాధికారి
అందరూ భారత పౌరులైతే ఓకే. సంఘం పేరు ఎక్కడా రాయొద్దు, అట్ట మీద లోగో కూడా వద్దు.

ప్లేనో
లోగో లేకపోతే ప్రెసిడెంటు గారికి నిద్ర పట్టదు. పట్టకపోనీ.
గ్యారేజీలో 43వ పెట్టె ఒకటుంది. తెలుగువి, చందమామలు కూడా. ఓడ జాబితాలో ఎక్కించలేదు.

ఇర్వింగ్
ఎవరివి అంకుల్ అవి?

ప్లేనో
సగం మా అత్తగారివి, వచ్చినప్పుడల్లా తెచ్చి వదిలేసినవి. ఆవిడ జూలైలో వెనక్కి వెళ్తున్నారు. భారత పౌరురాలు, ముందే చెబుతున్నా. ఆవిడ పుస్తకాలు ఆవిడ సూట్‌కేసులో. 23 కిలోల సంచులు రెండు, ఒక్కోదాన్లో పది కిలోలు పుస్తకాలు, చక్రాల వైపు గట్టి అట్టవి పెడతా. మిగతా సగం నావే, కదిలించను.

బ్రాడీపేట
గుంటూరులో నేను వేరే మొదలుపెట్టా. పరీక్షలవగానే మేలో అందరూ పుస్తకాలు కిలోల లెక్కన తూకానికేసేస్తారు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో తూకం కొట్లవాళ్ళ దగ్గర ఇంకా ఉన్నాయి. కథల పుస్తకాలు వేరే కట్ట కడితే కాగితం రేటు మీద కాస్త వేసి తీసుకుంటానన్నా. ఎంట్రన్సు గైడ్లు ముట్టుకోను. అటు ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపుల్ని పటమట చూసుకోవాలి.

పటమట
చూస్తాను. గుంటూరు కట్టలు ఆర్టీసీ కార్గోలో వేసి పంపు అన్నా, బస్టాండులో దించుకుంటాం. లారీ ఏం చేశావు?

బ్రాడీపేట
వద్దని చెప్పేశా. తిట్టాడు.

సింగ్‌నగర్
బడుల్లో ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. స్టాకు రిజిస్టర్లో ఎక్కిన పుస్తకం పోతే హెడ్‌మాస్టరు సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే విరాళంగా వచ్చినవి బీరువాలో పెట్టి తాళం వేస్తారు, వాళ్ళని తప్పుపట్టలేం. మనం చేయించిన పల్చటివి తరగతి గోడకి తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీద్దాం. చిరుగుతాయి. చిరగనీయండి. ఒక్కో కథ అయిదేసి కాపీలు చేయిస్తే ఒకటి పోయినా ఎవరూ కంగారుపడరు. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి అనుమతి కాగితం నేను తెస్తాను. తాడు పిల్లల భుజం ఎత్తులోనే కట్టాలి.

ఇర్వింగ్
కథలు ఎన్ని, ఎవరు ఎంచుతారు?

సింగ్‌నగర్
ముప్పై ఎంచి పెట్టాను. ఆరు బడులు. బడికి ముప్పై కథలు, అయిదేసి కాపీలు.

డెంటన్
అంటే 900 పుస్తకాలు, లోపలి కాగితాలు 3,600. ముందు ఒక కథ ఒక్క కాపీ వేయించి, మడిచి ఫొటో పెట్టండి. అది చూశాకే మిగతావి.

పటమట · బుధవారం
ఫొటో పెట్టాను. లోపలి పేజీలు అంచు దగ్గర కాస్త బయటికొస్తున్నాయి, మడిచాక కటింగు చేయాల్సిందే. షాపులో పిన్ను కొట్టే మిషను మధ్య మడత దాకా అందట్లేదు. పొడుగు చెయ్యి స్టేప్లరు ఎవరి దగ్గరైనా ఉందా?

బ్రాడీపేట
మా బాబాయి ప్రెస్సులో ఉంది. పిన్నులు 26/6వి తెచ్చుకోండి, మిషను మాత్రమే ఇస్తాడు. శనివారం తెస్తా.