తత్వాల రికార్డింగుకు ఇంట్లోనే ఒక గది: 35 వేలలో ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి)

మా నాన్నగారు నలభై ఏళ్లుగా మా వీధి భజన బృందానికి గురువు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తత్వాలతో పాటు, చుట్టుపక్కల పల్లెల్లో నోటినోటనే నిలిచి వచ్చిన పాటలు ఆయనకు రెండు వందలకు పైగా కంఠతా వచ్చు. వాటిలో సగానికి రాతప్రతి ఎక్కడా లేదు. ఇప్పుడు ఆయనకు 70 ఏళ్లు. పై షడ్జమం దగ్గర ఊపిరి మునుపటిలా నిలవడం లేదు కనుక ఈ చలికాలంలోనే అన్నింటినీ శుభ్రంగా రికార్డు చేసి పెట్టాలని నిశ్చయించుకున్నాను.

నిరుడు ఒక స్టూడియోలో గంటల లెక్కన అద్దె కట్టి ప్రయత్నించాం. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అందులో వినిపించే టిక్కు టిక్కు చప్పుడుకు పాడమనడంతో ఆయన గొంతు విప్పలేకపోయారు. అందుకే ఆయనకు అలవాటైన మా ఇంట్లోనే ఏర్పాటు చేయాలనుకుంటున్నాను.

మిద్దె మీద ఒక గది ఖాళీగా ఉంది. పొడవు 10 అడుగులు, వెడల్పు అంతే, కప్పు ఎత్తు కూడా దాదాపు అంతే. నేల కడప బండలు, గోడలు సిమెంటు పూత. ఫోనులో రికార్డు చేసి చూస్తే గొంతు బావిలోంచి వచ్చినట్లు వినిపిస్తోంది. ఒక దుకాణం వారు 18 వేల కండెన్సర్ మైకు, గోడలకు అంటించే పలుచని ఫోమ్ షీట్లు తీసుకోమన్నారు. ల్యాప్‌టాప్ ఉంది. నా దగ్గర ఉన్నది మొత్తం 35 వేలు. దేనికి ఎంత పెట్టమంటారు?

సమాధానం 1 (అనంతపురం నుంచి)

ఆ మైకు ఇప్పుడే కొనకండి. మీ ఫోను మీ గది ఎలా ఉందో ఉన్నది ఉన్నట్లు చెప్పింది. 18 వేల మైకు అదే బావిని ఇంకా స్పష్టంగా చెబుతుంది, అంతే.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉండటం మీ గదికి ఉన్న అసలు చిక్కు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన పదడుగుల ఎడంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 56, 113, 169 హెర్ట్జ్‌ల దగ్గర నాదం నిలిచిపోయి ఉబ్బుతుంది. గది కొలతలు వేరువేరుగా ఉంటే ఈ ఉబ్బులు తలా ఒక చోటికి చెదిరిపోతాయి. మీ గదిలో మూడు జతల ఉపరితలాలూ ఒకే చోట ఉబ్బుతాయి. మీ నాన్నగారు ఒకటో శ్రుతిలో పాడేవారైతే షడ్జమం 131 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి కిందికి దిగి నిషాదాన్నీ ధైవతాన్నీ తాకినప్పుడల్లా ఆయన సరిగ్గా ఆ 113 పక్కకు వస్తారు. మీరు వింటున్న బావి మోతలో ఎక్కువ భాగం అదే.

113 హెర్ట్జ్ తరంగం పొడవు మూడు మీటర్లు. అంగుళం మందం ఉన్న ఫోము దాన్ని ఏ మాత్రం ఆపలేదు. అది తాళాల మెరుపును, అక్షరాల అంచులను మాత్రం మింగేస్తుంది కనుక, అంటించాక గది మునుపటికన్నా మందంగా, మూసుకుపోయినట్లు వినిపిస్తుంది. కోడిగుడ్ల అట్టలు కూడా పనికిరావు. కావలసింది మందం, మందానికి వెనక కొంత ఖాళీ. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న చెక్క చట్రాలు వడ్రంగి చేత ఐదారు చేయించి, నాలుగు అంగుళాల రాక్‌వూల్ (రాతి పీచుతో చేసిన దూది లాంటిది) నింపి, పైన నూలు గుడ్డ తొడగండి. గుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, రెక్సిన్ లాంటిది వాడకూడదు. నింపేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే ఆ నూగు చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. రెండు చట్రాలను గది మూలల్లో ఏటవాలుగా నిలబెట్టండి. తక్కినవి పాడేవారి వెనక, పక్కల, గోడకు జానెడు దూరంలో ఉండాలి.

పాడేవారి వెనక అని ఎందుకంటున్నానంటే, కార్డియాయిడ్ మైకు తన ఎదుట ఉన్నదాన్ని వింటుంది, వీపు వైపు ఉన్నదాన్ని దాదాపు వినదు. మైకుకు ఎదురుగా ఉన్నది గాయకుడూ, ఆయన వెనక గోడా. చాలామంది ఫోమునంతా మైకు వెనక గోడకే అంటించి, గాయకుడి వీపు వెనక గోడను వట్టిగా వదిలేస్తారు.

చట్రాలు వచ్చేలోగా పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష చేయండి. ఆదోని మార్కెట్ ఉన్న సీమలో ఇంటింటా ఒక పత్తి పరుపు ఉంటుంది. రెండు పరుపులను మంచాలకు ఆనించి ఆయన వెనక నిలబెట్టి, నేల మీద జంపఖానా పరిచి, మళ్లీ ఆ ఫోనుతోనే రికార్డు చేసి పోల్చండి. ఆయన్ను గది సరిగ్గా నడిమధ్యన మాత్రం కూర్చోబెట్టకండి, 113 హెర్ట్జ్ ఉబ్బు అక్కడే ఎక్కువ. ఒక గోడ నుంచి మూడున్నర, నాలుగడుగుల దూరం మేలు.

సమాధానం 2 (కర్నూలు నుంచి)

పై సమాధానంతో నాకు పేచీ లేదు. మా ఇంట్లో బేతంచెర్ల నాపరాళ్ల నేల మీద నేనూ ఆ బాధే పడ్డాను. మైకు గురించి మాత్రం చెప్పవలసింది ఉంది.

వీధిలో ఆటోలు, కుక్కలు, పక్కింటి మిక్సీ ఉన్న చోట కండెన్సర్ మైకు మనకు అక్కరలేనివన్నీ పట్టుకుంటుంది. గొంతుకు షూర్ ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకు చాలు. 1966లో వచ్చిన ఆ మైకును ఇప్పటికీ వేదికల మీద అందరూ వాడుతున్నారు. నోటికి బెత్తెడు దూరంలో పెడితే గది మోత దానంతట అదే తగ్గుతుంది, ఎందుకంటే మైకుకూ నోటికీ మధ్య దూరం సగమైతే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం పెరగదు. మరీ దగ్గరైతే కింది స్వరాలు ఉబ్బుతాయి కనుక పెదవులకు ఆనించవద్దు. తంబుర శ్రుతిలోని సన్నని జీరను డైనమిక్ మైకు కండెన్సర్ అంత బాగా పట్టదని ఒప్పుకుంటాను. అయితే నిశ్శబ్దమైన గది లేనప్పుడు ఆ సన్నదనం కోసం ఆశపడటం వల్ల నష్టమే ఎక్కువ.

నేనైతే గదికి 8 వేలు, రెండు మైకులు తగిలించగల ఇంటర్‌ఫేస్‌కు (మైకు శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె) 9 వేలు, మైకుకు మరో 9 వేలు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లకు 5 వేలు, స్టాండు, మైకుకు తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులు వగైరాలకు 3 వేలు కేటాయిస్తాను. మిగిలిన వేయి చేతిలో ఉంచుకోండి. సాఫ్ట్‌వేర్‌కు ఆడాసిటీ ఉచితం.

కరెంటు సంగతి మరవకండి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో ఆ గుంయ్ శబ్దం, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ మోత ప్రతి రికార్డింగులోనూ కూర్చుంటాయి. కొందరు ప్లగ్గు మూడో కాలు విరగ్గొట్టి మోత ఆపుతారు. అది ప్రాణాంతకం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు గుంత చూపించండి. పాడే సేపు ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి.

ప్రశ్న వేసినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న తెల్లవారుజామున ఫ్యాను ఆపి, నాన్నగారి వెనక రెండు పరుపులు నిలబెట్టి రికార్డు చేశాను. చప్పట్లు కొడితే వచ్చే గణగణ దాదాపు పోయింది. ఆయన విని, "ఇది నా గొంతే" అన్నారు. నిరుడు స్టూడియోలో ఆ మాట అనలేదు. కింది స్వరాల దగ్గర కొంత మోత ఇంకా ఉంది కనుక చట్రాలకు వడ్రంగితో మాట్లాడాను. మద్దెల, హార్మోనియం, తాళాలు కూడా ఉండే పాటలు ఒక ముప్పై ఉన్నాయి. వాటిని విడివిడిగా రికార్డు చేసి కలపాలా?

సమాధానం 3 (కడప నుంచి)

విడదీయకండి. భజనలో గురువు గొంతును బట్టి మద్దెల, మద్దెలను బట్టి తాళం నడుస్తాయి. పాట ముదిరేకొద్దీ లయ పెరగడం అందులో ఉన్న ప్రాణం. నిలకడ లయ మీద విడివిడిగా పాడిస్తే మీ నాన్నగారు నిరుడు పడిన ఇబ్బందే బృందమంతా పడుతుంది.

ఆ ముప్పై పాటలకు ఈ గది వద్దు. చలికాలం తెల్లవారుజామున, వీధి మేల్కొనక ముందు, మిద్దె మీదే ఆరుబయట కూర్చోబెట్టండి. గోడలు లేని చోట గది మోత ఉండదు. గాలి కదలకుండా ఉంటే చాలు, మైకుకు ఫోము తొడుగు వేయండి. ఒక మైకు గురువుకు దగ్గరగా, అరువు తెచ్చిన రెండోది ఐదారు అడుగుల దూరంలో బృందమంతటికీ కలిపి పెట్టండి. తాళాలను ఆ మైకుకు అన్నిటికన్నా దూరంగా కూర్చోబెట్టాలి. వాటి దెబ్బ క్షణకాలమే కనుక మీటరులో తక్కువగా కనిపించినా రికార్డింగును పగలగొడుతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, గట్టిగా పాడినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ఇంటర్‌ఫేస్ మీది గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) తగ్గించండి.

ఆ నాణ్యతలో ఒక మైకుకు గంటకు సుమారు 520 ఎంబీ పడుతుంది. ఏ రోజు రికార్డింగును ఆ రోజే రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి బంధువుల ఇంట్లో ఉంచండి. ప్రతి పాటకు ముందు ఆ పాట ఎవరి దగ్గర, ఏ ఊళ్లో నేర్చుకున్నదీ మీ నాన్నగారి నోటితోనే రెండు మాటలు చెప్పించి, దాన్నీ రికార్డు చేయండి. రాతప్రతి లేని పాటల నుంచి మొదలుపెట్టండి.